ఈసారైనా కొడతారా? వన్డే టోర్నీలో ఆంధ్ర జట్టు బలమెంత

ఈ మధ్య డిసెంబరులో రాష్ట్ర జట్ల వన్డే టోర్నీ విజయ్ హజారే ట్రోఫీ మొదలైందంటే చాలు, అనంతపురంలో క్రికెట్ మీద మనసున్నవాళ్లు కలిసిన చోటల్లా ఒకటే ప్రశ్న: ఈసారైనా మనోళ్లు కొడతారా? టీకొట్టు దగ్గర అడిగినా, ఆర్డీటీ మైదానం గేటు దగ్గర అడిగినా జవాబులు రెండే రకాలు. ‘వన్డే కదప్పా, ఆ పొద్దు ఎవరిదైతే వాళ్లదే’ అంటారు కొందరు. ‘ఇన్నేళ్లు కొట్టనోళ్లు ఇప్పుడు కొడతారా’ అని తీసిపారేస్తారు ఇంకొందరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది కానీ రెండింటిలోనూ లెక్క లేదు. ఎవరూ పందెం కాయని జట్టుకు పెద్ద టోర్నీలో ఎంత అవకాశం ఉందో తేల్చాలంటే ఏం చూడాలి, ఏది చూసి మోసపోకూడదు అన్నది తీరిగ్గా మాట్లాడుకోవాల్సిన విషయం.

ముందు చరిత్ర. 1953-54లో రంజీ బరిలోకి దిగిన ఆంధ్ర జట్టును తొలినాళ్లలో నడిపించింది సి.కె. నాయుడు, భారత టెస్టు జట్టు మొట్టమొదటి కెప్టెన్. అంతటి మనిషి చేతుల మీదుగా మొదలైన జట్టు ఏడు దశాబ్దాలు దాటినా రంజీ ట్రోఫీని ఇంటికి తేలేదు. 2002-03లో మొదలైన విజయ్ హజారే ట్రోఫీ కూడా అందలేదు. హైదరాబాద్ 1937-38లో, 1986-87లో రంజీ గెలిచింది. కర్ణాటక 2024-25 నాటికే విజయ్ హజారే ఒక్కటే ఐదుసార్లు ఎత్తుకుపోయింది. సరిహద్దు దాటితే బళ్లారి, హైవే ఎక్కితే బెంగళూరు. కాబట్టి అనంతపురం పిల్లవాడికి గెలిచే జట్టు ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచీ పక్కింట్లోనే కనబడుతుంది. తన జట్టు మీద వాడికుండే ఆశలో సగం బాధ ఉండేది అందుకే.

ఆశ పెట్టుకున్నవాళ్లు ముందుగా చెప్పేది 1983. దాన్ని అద్భుతంగా, ఎవరూ ఊహించని మెరుపుగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. నిజమే, అంతకు ముందు రెండు ప్రపంచకప్‌లలో కలిపి భారత్ గెలిచింది ఒక్కటే మ్యాచ్, అదీ 1975లో తూర్పు ఆఫ్రికా మీద. కానీ కప్పుకు మూడు నెలల ముందు, 1983 మార్చిలో, గయానాలోని బెర్బిస్‌లో భారత్ వెస్టిండీస్‌ను వాళ్ల గడ్డమీదే 27 పరుగుల తేడాతో ఓడించింది. ఆ సంగతి చాలామంది మర్చిపోతారు. ఇంకొకటి, ఆ జట్టు కూర్పు. జింబాబ్వే మీద 17 పరుగులకు 5 వికెట్లు పడ్డాక కపిల్‌దేవ్ కొట్టిన 175 గురించి ఎన్నిసార్లైనా చెప్పుకుంటాం. కానీ రోజర్ బిన్నీ 18 వికెట్లు, మదన్‌లాల్ 17 వికెట్లు తీశారు, ఇద్దరూ బ్యాటు పట్టగలిగినవాళ్లే. మొహిందర్ అమర్‌నాథ్ సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. రెండు పనులు తెలిసినవాళ్లు అంతమంది ఉన్న జట్టులో నలుగురు విఫలమైనా ఐదోవాడు ఉంటాడు. పందెం కాసేవాళ్లు దాన్ని చూడలేదు, అంతే.

పెద్ద టోర్నీల్లో చిన్న జట్లు ముందుకు వచ్చిన మిగతా సందర్భాలు తిరగేస్తే మరో విషయం బయటపడుతుంది. 1992 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ ఇంగ్లండ్ చేతిలో 74 పరుగులకే ఆలౌటైంది. వాన వచ్చి మ్యాచ్ కొట్టుకుపోవడంతో ఒక పాయింటు దక్కింది. చివరికి పాకిస్తాన్ 9 పాయింట్లతో సెమీస్ చేరితే, 8 పాయింట్లున్న ఆస్ట్రేలియా, వెస్టిండీస్ ఇంటిదారి పట్టాయి. 1996లో శ్రీలంకకు వచ్చి ఆడడానికి ఆస్ట్రేలియా, వెస్టిండీస్ నిరాకరించడంతో ఆ పాయింట్లు లంక ఖాతాలో పడ్డాయి. 2003లో న్యూజిలాండ్ నైరోబీ వెళ్లనంది, కెన్యా సెమీఫైనల్ దాకా వచ్చింది. శ్రీలంక, పాకిస్తాన్ కప్పు గెలిచాయి కదా అంటే, గెలిచాయి, ఆ గెలుపు వాళ్ల ఆటదే. నేను చెప్పేది గ్రూపు దశ సంగతి. బలహీన జట్టు గ్రూపు దాటడంలో టోర్నీ నిర్మాణానికీ వాతావరణానికీ మనం ఒప్పుకునేదానికంటే పెద్ద వాటా ఉంది. నాకౌట్ మొదలయ్యాక ఆ సాయం ఉండదు. కెన్యా సెమీఫైనల్లో భారత్ చేతిలో 91 పరుగుల తేడాతో ఓడింది.

ఒక్క గొప్ప విజయాన్ని చూసి జట్టు అవకాశాలను అంచనా వేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. 2011 మార్చి 2న మన పక్కనే బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో ఐర్లండ్ 328 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి ఇంగ్లండ్‌ను ఓడించింది. కెవిన్ ఓబ్రయన్ 50 బంతుల్లో సెంచరీ కొట్టాడు. ఆ ఐర్లండ్ క్వార్టర్ ఫైనల్ చేరలేదు. 2023లో అఫ్ఘానిస్తాన్ ఇంగ్లండ్, పాకిస్తాన్, శ్రీలంక, నెదర్లాండ్స్‌ను ఓడించి, ఆస్ట్రేలియాను 91 పరుగులకు 7 వికెట్ల దాకా తెచ్చి, మ్యాక్స్‌వెల్ 201 నాటౌట్‌తో చేతులెత్తాల్సి వచ్చింది. సెమీస్ అందలేదు. ఒక మ్యాచ్‌లో పెద్ద జట్టును కొట్టడం వేరు, ఆరువారాల పాటు పెద్ద జట్లతో సమానంగా నిలబడడం వేరు.

ఇక్కడ కాస్త అంకెలు వేసుకుందాం. ఈ మధ్య విజయ్ హజారేలో ఎలైట్ గ్రూపుకు 8 జట్లు, ఒక్కో జట్టుకు 7 మ్యాచ్‌లు, పై రెండు జట్లే క్వార్టర్ ఫైనల్‌కు వెళతాయి. కనీసం 5 గెలవాలనుకుందాం. ఆ తర్వాత వరసగా 3 గెలవాలి. ప్రతి మ్యాచ్‌లోనూ గెలుపు ఓటములు సగం సగం అనుకునే జట్టు 7లో 5 గెలిచే అవకాశం వందలో 23 దగ్గర ఉంటుంది. దాని మీద మూడు నాకౌట్‌లు వరసగా గెలవడం వందలో 12 లేదా 13. రెండూ కలిపితే కప్పు అవకాశం వందలో 3 కూడా పూర్తిగా ఉండదు. అదే జట్టు బలం ప్రతి మ్యాచ్‌కూ వందలో 60కి పెరిగితే కప్పు అవకాశం 9కి చేరుతుంది. 40కి తగ్గితే ఒకటికి కూడా తక్కువ, సుమారు 0.6. అంటే ఒక్కో మ్యాచ్‌లో 40కీ 60కీ మధ్య కనబడే కొద్దిపాటి తేడా, టోర్నీ చివరికొచ్చేసరికి దాదాపు 15 రెట్ల తేడా అవుతోంది. ప్రత్యర్థులంతా ఒకే బలంతో ఉండరు కాబట్టి ఇది ముతక లెక్కే. కానీ టీకొట్టు దగ్గర ‘ఆ పొద్దు ఎవరిదైతే వాళ్లదే’ అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు లేదు. ఆ పొద్దు ఒకటే అయితే ఆ మాట నిజమే. గెలవాల్సిన పొద్దులు ఎనిమిది.

కాబట్టి అడగాల్సింది ఈ జట్టు తన మంచి రోజున ఎంత ఎత్తుకు వెళుతుందని కాదు. చెడ్డ రోజున ఎంత కిందికి పడుతుందని. ఇక్కడి మెట్ట రైతు మొదటి మబ్బుకు మురిసి వేరుశనగ విత్తడు, దుక్కిలో వేలు పెట్టి పదును ఎంత లోతుకు దిగిందో చూస్తాడు. జట్టును చూడాల్సిన పద్ధతీ అదే.

ఆ కంటితో ఆంధ్ర జట్టు ఓడిన నాకౌట్‌లు చూడండి. 2017-18 విజయ్ హజారేలో క్వార్టర్ ఫైనల్లో ఢిల్లీని 111 పరుగులకే కట్టడి చేసి సెమీస్ చేరింది. ఈ ట్రోఫీలో ఆంధ్ర బౌలింగ్ అంత పదునుగా కనబడ్డ రోజులు తక్కువ. సెమీస్‌లో సౌరాష్ట్ర 255 కొడితే మనవాళ్లు 196 దగ్గర ఆగిపోయారు. 2020-21 క్వార్టర్ ఫైనల్లో గుజరాత్ 299 చేసింది, ప్రియాంక్ పాంచాల్ సెంచరీ కొట్టాడు. ఆంధ్ర 182కు ఆలౌట్. రంజీ వన్డే కాదు, కానీ లోపం ఎక్కడుందో వెతికేటప్పుడు దాన్ని పక్కన పెట్టలేం. 2023 ఫిబ్రవరిలో ఇందోర్‌లో మధ్యప్రదేశ్ మీద క్వార్టర్ ఫైనల్: మొదటి ఇన్నింగ్స్‌లో రికీ భుయ్, కరణ్ షిండే సెంచరీలతో 379, ఆపై 151 పరుగుల ఆధిక్యం. మణికట్టు విరిగిన హనుమ విహారి ఎడమచేతి వాటంగా నిలబడి బ్యాటింగ్ చేసిన మ్యాచ్ అది. చూసినవాళ్లెవరూ మర్చిపోరు. అంత చేసిన జట్టు రెండో ఇన్నింగ్స్‌లో 93 పరుగులకు కుప్పకూలింది, 5 వికెట్ల తేడాతో ఓడింది. మరుసటి ఏడు మళ్లీ అదే ఇందోర్, అదే మధ్యప్రదేశ్, అదే క్వార్టర్ ఫైనల్. నితీశ్ కుమార్ రెడ్డి బంతితో చెలరేగి వాళ్లను 107కు పడగొట్టాడు, గెలవడానికి 170 చాలు. 165 దగ్గర అందరూ అవుట్. 4 పరుగులు.

196, 182, 93, 165. నాలుగు నాకౌట్‌లలో ఆంధ్ర ఆడిన ఆఖరి ఇన్నింగ్స్‌లు ఇవి. ఒక్కటీ 200 దాటలేదు. నాలుగింట మూడు మ్యాచ్‌లలో బౌలర్లు తమ పని తాము చేసి పెట్టారు. 2023లోనూ 2024లోనూ అయితే గెలుపు చేతికి వచ్చి జారింది. ఇవి వేర్వేరు ఏళ్లు, వేర్వేరు మ్యాచ్‌లు. అందుకే దీన్ని ఫలానావాడి తప్పు అనలేం. ఒత్తిడిలో మూడు వికెట్లు వెంటవెంటనే పడితే అక్కడి నుంచి ఇన్నింగ్స్ నిలబెట్టే ఐదు, ఆరు, ఏడు నంబర్ల బ్యాట్స్‌మెన్ కొరత అది. జట్టులో పైన నలుగురు బాగుంటే చాలదు.

రికీ భుయ్‌నే తీసుకోండి. 2023-24 రంజీలో 902 పరుగులతో దేశంలోనే అందరికంటే ముందున్నాడు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ అనంతపురం వచ్చినప్పుడు ఇండియా-డి తరఫున మన ఆర్డీటీ మైదానంలో రెండు సెంచరీలు కొట్టాడు, ఒకటి ఇండియా-ఎ మీద 113, ఇంకొకటి ఇండియా-బి మీద 119 నాటౌట్. రెండూ రెండో ఇన్నింగ్స్‌లోనే. మొదటిదాంట్లో జట్టు 186 పరుగుల తేడాతో ఓడింది, రెండోదాంట్లో 257 పరుగుల తేడాతో గెలిచింది. 2025 డిసెంబరు 24న బెంగళూరు శివారులోని బీసీసీఐ మైదానంలో విజయ్ హజారే తొలి మ్యాచ్‌లోనూ ఢిల్లీ మీద 122 కొట్టాడు. ఆంధ్ర 298 చేసింది. విరాట్ కోహ్లీ 131 కొట్టాడు, ఢిల్లీ 4 వికెట్లతో గెలిచింది. ఆ రోజు అందరూ కోహ్లీని చూశారు. నేను ఆంధ్ర స్కోరుకార్డు చూశాను. ఒకడు 122 కొట్టినప్పుడు కూడా జట్టు 300 దాటలేదు. 

కప్పు ఎత్తిన చిన్న జట్టు ఎలా ఉంటుందో తెలియాలంటే హిమాచల్‌ప్రదేశ్‌ను చూడాలి. 2021 డిసెంబరు 26న జైపూర్‌లో విజయ్ హజారే ఫైనల్. అవతల తమిళనాడు. 40 పరుగులకు 4 వికెట్లు పడ్డా దినేశ్ కార్తీక్ 116తో వాళ్లు 314 చేశారు. హిమాచల్ ఓపెనర్ శుభమ్ అరోరా 136తో చివరిదాకా నిలిచాడు. వెలుతురు తగ్గి ఆట ఆగేసరికి 47.3 ఓవర్లలో 4 వికెట్లకు 299. కేరళ ఇంజనీరు జయదేవన్ రూపొందించిన వీజేడీ లెక్క ప్రకారం 11 పరుగులతో గెలుపు. ఏ ఫార్మాట్లోనైనా హిమాచల్‌కు అదే మొదటి కప్పు. ఆ గెలుపు వెనక కెప్టెన్ రిషి ధావన్ ఆ టోర్నీలో చేసిన 458 పరుగులు, తీసిన 17 వికెట్లు ఉన్నాయి. ఒకే మనిషి రెండు స్థానాలు నింపితే జట్టులో పన్నెండోవాడు ఆడుతున్నట్టే. 1983లో కనబడ్డదీ ఇదే.

ఆంధ్రకు అలాంటివాడు ఉన్నాడు, నితీశ్ కుమార్ రెడ్డి. కానీ అతను ఎదిగిన కొద్దీ రాష్ట్ర జట్టుకు దూరమయ్యాడు. 2024 డిసెంబరులో విజయ్ హజారే జరుగుతుంటే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద 114 కొడుతున్నాడు. తెలుగువాళ్లందరం గర్వపడ్డాం, పడాలి కూడా. ముంబైకో కర్ణాటకకో ఇద్దరు ముగ్గురు జాతీయ జట్టుకు వెళ్లినా వెనక ఇంకో ఇద్దరుంటారు. చిన్న జట్టుకు ఒక్కడు వెళితే రెండు స్థానాలు ఖాళీ. దేశంలో చిన్న రాష్ట్రాల జట్లు కప్పుకు దగ్గరగా వచ్చి ఆగిపోవడానికి ఇది పెద్ద కారణం. మీడియా దీని గురించి దాదాపు మాట్లాడదు.

మరి వెనక నిలబడేవాళ్లు ఎక్కడి నుంచి రావాలి? ఇక్కడే అనంతపురం సంగతి చెప్పాలి.

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో రెండోదని పేరున్న నేల ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర సగటు. ఇక్కడ 1969లో విసెంటె ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ దంపతులు మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) చెరువుల్లో పూడికలు తీయించింది, బడులు, ఆసుపత్రులు కట్టింది. తర్వాత మైదానాలూ కట్టింది. దేశవాళీ క్రికెట్‌లో పేరున్న పోటీ అనంతపురానికి వచ్చిందంటే ఆ మైదానాల వల్లే. 2024 దులీప్ ట్రోఫీలో ఆరు మ్యాచ్‌లకు ఐదు ఇక్కడే ఆడారు. ఇండియా-సి స్పిన్నర్ మానవ్ సుతార్ ఒక ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7, పేసర్ అన్షుల్ కాంబోజ్ 69 పరుగులకు 8 తీశారు. ఒకే మైదానంలో ఒకే నెలలో ఇటు స్పిన్నరూ అటు పేసరూ అన్ని వికెట్లు తీశారంటే, భుయ్, సంజూ శాంసన్, ఇషాన్ కిషన్ సెంచరీలూ అక్కడే వచ్చాయంటే, పిచ్ ఎవరి పక్షానా నిలవలేదన్నమాట. పిల్లలు ఆట నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

ఉదయం నెట్స్ దగ్గర కాసేపు నిలబడితే ఇంకో విషయం తెలుస్తుంది. నైరుతి నెలల్లో ఇక్కడ వాన రాకపోయినా గాలి మాత్రం ఆగదు. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని నమ్ముకునే. ఆ గాలికి ఎదురుగా స్పిన్ వేసే అమ్మాయి బంతిని కాస్త పైకి వదిలితే అది గాల్లో ఆగినట్టై, బ్యాటర్ అనుకున్న చోటుకంటే ముందే కిందికి దిగుతుంది. ముందుకొచ్చి ఆడబోయిన పిల్ల బ్యాటు గాల్లోనే తిరుగుతుంది. మరుసటి బంతి గాలి వాటున వేస్తే జారి ప్యాడ్లకు తగులుతుంది. కోచ్ ‘చూసినావా, చేయి మార్చలేదు, చివర మార్చింది’ అంటాడు. ఆ పిల్లకు బౌలింగ్ నేర్పేది ఈ గాలి కూడా.

అమ్మాయి అన్నది ఊరికే కాదు. మనోళ్లు అన్నప్పుడు మనం మగపిల్లల జట్టునే తలుచుకుంటున్నాం. లెక్క తీస్తే ఈ కరువు సీమ నుంచి ఇటీవల భారత జట్టు దాకా వెళ్లింది ఆడపిల్లలే. ఆదోని అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద ఆడింది. నార్పల మండలం బండ్లపల్లి నుంచి ఆర్డీటీ అకాడమీ మీదుగా ఎదిగిన బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్‌లో ఆడింది. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది కూడా ఆ బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. కడప జిల్లా ఎర్రమల్లె శ్రీచరణి సంగతి దేశమంతా చూసింది. 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు, భారత బౌలర్లలో దీప్తి శర్మ తర్వాత ఆమే. విశాఖలో రెండు, ఇందోర్‌లో ఒకటి, వరసగా మూడు మ్యాచ్‌లు ఓడి, సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 339 ఛేదించి, నవంబరు 2న దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ఆ జట్టు కప్పు ఎత్తింది. చెడ్డ రోజులు మూడు వచ్చినా కూలిపోని జట్టది.

ఈ ముగ్గురూ ఎడమచేతి బౌలర్లు. ఒకరు పేసర్, ఇద్దరు స్పిన్నర్లు. అలా ఎందుకు జరిగిందో చెప్పగలిగే ఆధారం నా దగ్గర లేదు, కానీ వన్డేల్లో దాని విలువ మాత్రం చెప్పగలను. మధ్య ఓవర్లలో కుడిచేతి బ్యాటర్లకు బంతిని బయటికి తిప్పే ఎడమచేతి స్పిన్నర్ పరుగులకు అడ్డుకట్ట. అలాంటివాళ్లు ఇద్దరున్న జట్టు పదో ఓవర్ నుంచి నలభయ్యో ఓవర్ దాకా ఆటను తన చేతిలో పెట్టుకోగలదు. ఆంధ్ర అమ్మాయిల జట్టు 2018-19 సీనియర్ వన్డే టోర్నీలో ఫైనల్ చేరి బెంగాల్ చేతిలో 10 పరుగుల తేడాతో ఓడింది. అప్పటికి ఈ పిల్లల్లో చిన్నవాళ్లు ఇంకా బడి వయసులో ఉన్నారు.

ఇక నా అంచనా. ఆంధ్ర మగవాళ్ల జట్టు క్వార్టర్ ఫైనల్ చేరే అవకాశం నాలుగింట ఒకటి, కప్పు వందలో మూడో నాలుగో. ఈ అంకె పెరగాలంటే ఇంకో రికీ భుయ్ దొరకడం కంటే, ఆరో నంబరులో వచ్చి 60 బంతుల్లో 50 కొట్టి, ఆపై ఆరేడు ఓవర్లు వేసే ఇద్దరు ముగ్గురు దొరకడం ముఖ్యం. అలాంటివాళ్లు పట్టణం అకాడమీల్లో ఇద్దరుంటే, పల్లెల్లో టెన్నిస్ బంతితో ఆడేవాళ్లలో ఎంతమంది ఉన్నారో ఎవరూ చూడలేదు. సంక్రాంతి టోర్నీల్లో ఓపెనింగూ చేసి, చివరి ఓవరూ వేసి, మధ్యలో కీపింగూ చేసే పిల్లలను ప్రతి మండలంలోనూ చూస్తాం. వాళ్లకు పదమూడు పద్నాలుగేళ్లకే తోలు బంతి, టర్ఫ్ పిచ్, ఏడాదికి యాభై ఓవర్ల మ్యాచ్‌లు కనీసం ఇరవై కావాలి. ఇప్పుడు ఈ మూడూ దొరికేది జిల్లా కేంద్రానికి బస్సు ఛార్జీ పెట్టుకోగల ఇంటి పిల్లలకే.

అమ్మాయిల జట్టుకు నేనిచ్చే అంకె దానికి రెండింతలు పైనే. శ్రీచరణి జాతీయ జట్టుకు వెళ్లినా వెనక ఇంకో ఎడమచేతి స్పిన్నర్ ఉన్న జట్టు అది. బ్యాటింగ్‌లో ఐదు, ఆరు, ఏడు నంబర్ల కొరత వాళ్లకూ ఉంది, దాన్ని దాచాల్సిన పనిలేదు. వచ్చే డిసెంబరులో టీకొట్టు దగ్గర ‘మనోళ్లు కొడతారా’ అని ఎవరైనా అడిగితే, ముందు ‘ఏ జట్టు?’ అని అడగండి. ఆ తర్వాత నాకౌట్‌లో మూడు వికెట్లు పడ్డాక ఎవరు దిగుతున్నారో చూడండి.